పురుగు ముడితే

మా ఇంట్లో ఇప్పుడు బియ్యం ఏరే పని మా ఆయనది. వానలు మొదలైతే డబ్బాలో బియ్యానికి పురుగు పడుతుంది, అది ఏటా ఉండేదే. చేటలో పోసుకుని కూర్చుంటే పావుగంట పని. కానీ ఆ పావుగంటా ఒక మాట నా నోట్లో తిరుగుతూ ఉంటుంది, చేతులు ఆగిపోతాయి. "ఏంటి, బియ్యం పురుగులకి కూడా భయమేనా నీకు?" అని మొదట్లో ఆటపట్టించారాయన. సంగతి చెప్పాక చేట తన ఒళ్లోకి లాక్కున్నారు.

సంగతి ఇంతే. ఒక పల్లెటూరి ఆసుపత్రి కరపత్రంలో నేనొక మాట కొట్టేశాను. ఆ తర్వాత ఒక మనిషి పోయాడు. ఆ మాట ఉండి ఉంటే బతికేవాడని నాకెవరూ చెప్పలేదు. పోయేవాడేనని కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే అది నన్ను వదలదు.

అమీర్‌పేటలో ఒక ప్రింటింగ్ షాపులో నేను అక్షరాలు దిద్దుతాను. కింద జిరాక్సు, పైన కోచింగ్ సెంటరు, మధ్యలో మేము. మెట్రో మెట్లు దిగేవాళ్ల చేతుల్లో కుక్కే కాగితాల్లో సగం మా దగ్గర అచ్చయినవే. మాది కోస్తా వైపు. పెళ్లయి ఈ ఊరొచ్చి పాతికేళ్లు దాటినా నా "ఏంటి", "గారు" ఎక్కడికీ పోలేదు. తప్పు కనబడితే ఊరుకోలేను. ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్ బోర్డు మీద "బోజనం" అని ఉంటే లోపలికి వెళ్లి మరీ చెప్పాను, బకి ఒత్తు పెట్టించండి అని. "తిన్నోళ్లు ఎవ్వరు అడగలే మేడమ్" అన్నాడతను. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఈ ఊళ్లో తెలుగుని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకునే రోజులవి.

ఆ ఏడు ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం వారంలో, ఒకామె మా షాపు మెట్లెక్కి వచ్చింది. రోడ్లు మూసేస్తే మెట్రో దగ్గర్నుంచి జనాన్ని తోసుకుంటూ నడిచొచ్చిందట, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. వయసు నాకంటే రెండు మూడేళ్లు తక్కువేమో. నగరానికి మూడు గంటల దూరంలో ఒక పల్లెలో పది మంచాల ఆసుపత్రి ఉందని, తనక్కడ నర్సునని చెప్పింది. ఊరంతా సిస్టరమ్మ అంటారట, మేమూ అలాగే పిలిచాం. సంచీలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"మక్క గారెలు మేడమ్. పొద్దుగాల చేసిన. సల్లారినయి గానీ మంచిగుంటయి."

మా షాపుకి గారెలు తెచ్చిన కస్టమరు ఆవిడొక్కతే. మా డీటీపీ ఆపరేటర్, బల్కంపేటలోనే పుట్టి పెరిగిన నలభై ఏళ్ల మనిషి, ఆమె కూర్చోకముందే ఆ మొక్కజొన్న గారెలు రెండు తినేశాడు. ఆమె మాత్రం ఆసుపత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. సొంతిల్లు కట్టుకున్నవాళ్లు ఒక్కొక్క గదీ తిప్పి చూపిస్తారే, అలా చెప్పింది.

"ఆడోళ్ల వార్డుల ఇప్పుడు వాన కురుస్తలేదు మేడమ్. కొత్త రేకులేసినం. కాన్పుల గదికి పరదా వచ్చింది. ముందుగాల పరదానే లేకుండె, చీర కట్టేటోళ్లం. నీళ్ల ట్యాంకు కడిగించినం. రాత్రి సుత ఒక సిస్టర్ ఉంటది. ఇగ ఫ్రిజ్ వచ్చింది. ఇన్వర్టర్ సుత. కరెంటు పోయినా ఫ్రిజ్ ఆగదు."

ఫ్రిజ్ అన్నప్పుడు ఆమె మొహం చూడాలి. మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ వచ్చినప్పుడు మా అమ్మ కూడా అంత మురిసిపోలేదు. నేను లోపల నవ్వుకున్నాను. ఫ్రిజ్ ఏం గొప్ప అనుకున్నాను.

ఊళ్లవాళ్లకి ఇవేమీ తెలియవని ఆమె బాధ. పాత రోజుల్లో గోలీలు తప్ప ఏమీ ఉండేవి కావు కాబట్టి ఇప్పటికీ ఎవరూ రారట. అందుకే ఒక కాగితం వేయించి ఇంటింటికీ పంచాలని బయల్దేరింది. పాత క్యాలెండరు పేజీ వెనకవైపు నీలం పెన్నుతో తనే రాసుకొచ్చింది. ఒక పక్క "మా దవాఖాన మంచిగైంది". ఇంకో పక్క "వానకాలం పైలం". బస్సుకి టైమవుతోందని కాగితం నా చేతిలో పెట్టి, అడుగున ఫోన్ నంబరు రాసి, మిగిలిన గారెలు కాగితంలో పెట్టి, ఖాళీ డబ్బా సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.

నేను ఎర్ర పెన్ను తీశాను.

"వానకాలం పైలం" అంటే వర్షాకాలం జాగ్రత్త అని. అది "వర్షాకాల ఆరోగ్య సూచనలు" అయింది. దవాఖాన ఆసుపత్రి అయింది. "నీళ్లు మసలబెట్టి సల్లారినంక తాగుండ్రి" అని ఉన్నది "కాచి చల్లార్చిన నీటినే సేవించండి" అయింది. "జొరమొస్తే నాలుగొద్దులు చూసుడు కాదు, తెల్లారి రాండ్రి" అన్న వాక్యానికి నేనేం చేశానో ఇప్పుడు గుర్తులేదు, చేసే ఉంటాను. అలా దిద్దుకుంటూ ఆరో వాక్యం దగ్గరికి వచ్చాను.

"పురుగు ముడితే ఒక్క గడియ సుత ఆగొద్దు. దవాఖానకు తోలుకరాండ్రి. పురుగుకు మందు ఫ్రిజ్‌ల ఉన్నది."

పైకి చదివాను. ఆపరేటర్ కుర్చీ ఇటు తిప్పాడు.

"ఫ్రిజ్‌ల పురుగుమందు పెడ్తరా మేడమ్? ఇడ్లీ పిండి పక్కకా?"

ఇద్దరం నవ్వాం. కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వాం. గారె ముక్క గొంతుకడ్డం పడి అతను దగ్గుతుంటే నేను వీపు మీద తట్టాను. అప్పటి నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎక్కువగా పగలే, పనిలో ఉండగా.

నవ్వయ్యాక దిద్దాను. చీమ కుట్టినా దోమ కుట్టినా ఒక్క గడియ ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తడం ఏంటి, పాపం పల్లెటూరి ఆవిడ, ఉత్సాహం ఎక్కువై రాసుంటుంది అనుకున్నాను. "కీటకాలు కుట్టినప్పుడు శుభ్రమైన నీటితో కడిగి, అవసరమైతే ఆసుపత్రిని సంప్రదించండి" అని రాశాను. "అవసరమైతే" ఆమెది కాదు, నాది. ఫ్రిజ్‌ని అవతలి పక్కకి మార్చి "మందుల నిల్వకు శీతలీకరణ సౌకర్యం కలదు" అన్నాను. బాగా కుదిరిందనిపించింది. కాగితం అడుగున ఆమె ఫోన్ నంబరు ఉంది. ఒక్కసారి చేసి "పురుగంటే ఏంటండీ?" అని అడగాలని నాకు తోచలేదు. తెలుగు మాటకి అర్థం నేనొకరిని అడగడమా?

అచ్చుకి ముందు ఫోన్లో పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది. "మస్తు మంచిగున్నది మేడమ్. పెద్ద దవాఖాన కాగితం లెక్కనే ఉన్నది." ఆ మెసేజ్ మా ఆయనకి కూడా చూపించాను.

పసుపుపచ్చ కాగితం మీద అచ్చేసి బస్సులో పంపించాం. తర్వాత నేను మర్చిపోయాను.

వినాయక చవితి వెళ్లిన వారంలో, ఖైరతాబాద్ గణపతిని చూడబోయే జనంతో మెట్రో కిటకిటలాడుతున్న రోజుల్లో, పొద్దున్నే సిస్టరమ్మ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"మేడమ్, జర ఒక సాయం. మా పక్కూరాయనను పంజాగుట్ట పెద్ద దవాఖానకు తోలుకపోయిండ్రు. తెచ్చినోళ్లు వాపస్ వచ్చిండ్రు, ఇంటామె ఒక్కతే ఉన్నది. పట్నంల ఆమెకు ఎవ్వరు లేరు. మీరు అక్కడ్నే ఉంటరు కదా, ఒక్కపారి చూసి రాండ్రి."

ఇంటామె గుర్తులు కూడా చెప్పింది. ఏమైందని అడిగాను. లైన్ తెగిపోయింది. ఇడ్లీలు, ఫ్లాస్కులో టీ పట్టుకుని పంజాగుట్ట వెళ్లాను. ఆసుపత్రి గోడ పక్క ఫుట్‌పాత్ మీద పల్లెల నుంచి వచ్చినవాళ్లు దుప్పట్లు పరుచుకుని కూర్చునే చోటొకటి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ దారిన బస్సులో వెళ్తున్నాను కానీ ఏనాడూ దిగి చూడలేదు. సిస్టరమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం ఆమెను పోల్చుకున్నాను. ముప్పై ఐదు ఉంటాయేమో. కాళ్లకి చేను మట్టి ఇంకా ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, దాంట్లో మడిచిన మగవాళ్ల చొక్కా.

టీ పోసిచ్చాను. రెండు గుక్కలు తాగాక చెప్పింది.

"పత్తి చేన్ల కలుపు తీస్తుంటిమి అమ్మా. పొద్దు ఇంకా ఉన్నది. అమ్మో అన్నడు. చూస్తె పురుగు ముట్టింది."

"ఏం పురుగమ్మా?" అన్నాను నేను. నిజంగానే అడిగాను. తేనెటీగో జెర్రో అనుకున్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "పురుగే అమ్మా" అంటూ రెండు చేతులూ ఎడంగా పెట్టి పొడవు చూపించింది. "పేరు తియ్యొద్దు కదా."

మా అమ్మమ్మ కూడా దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు. పిలిస్తే వస్తుందని. దీపం పెట్టాక మేం పిల్లలం ఎవరైనా పాము అంటే నోటి మీద ఒక్కటి వేసేది, "పురుగు అనాలి" అని. సెలవులకి వెళ్లినప్పుడల్లా విన్న మాట. ఆ ఫుట్‌పాత్ మీద, బస్సులు హారన్లు కొడుతుంటే, నలభై ఏళ్ల తర్వాత ఆ దెబ్బ మళ్లీ తగిలింది. నాకు తెలియని మాట కాదది. తెలిసి, మర్చిపోయి, పైపెచ్చు నవ్వి, ఎర్ర పెన్నుతో కొట్టేసిన మాట.

"మీ పక్కూళ్లోనే ఆసుపత్రి ఉంది కదమ్మా" అన్నాను. 

"దాని ముందటి నుంచే పోయినమమ్మా ఆటోల. సిస్టరమ్మ వరండాల నిలబడి ఉండె. అక్కడ ఏముంటది, గోలీలు ఉంటయి. పోయినసారి మా బావకు ముడితె సూది లేదన్నరు. గందుకే ఆగలే. అవతలి ఊర్ల మంత్రం ఏసే తాత ఉన్నడు, ఆయన తాన రెండు గంటలాయె. పసరు పోసిండు, తగ్గలే. ఇగ బండి మాట్లాడుకోని ఈడికొచ్చేసరికి చీకటాయె."

"సూది ఉందని మీకెవరూ చెప్పలేదా? కాగితం పంచారు కదా?"

ఆ ప్రశ్న ఎందుకడిగానో నాకు తెలుసు. రాలేదు అంటుందేమోనని. ఏ పంచేవాడో బద్ధకించి మీ ఊరికి రాలేదంటే బాగుండునని. ఆమె కవర్లో చెయ్యి పెట్టింది. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, వాటి మధ్యలో మడత పెట్టిన పసుపుపచ్చ కాగితం.

"వచ్చిందమ్మా. దవాఖాన కాగితమని దాసిన. నేను ఐదో తరగతి దాక చదివిన, కూడబలుక్కోని మొత్తం చదివిన. నీళ్ల గురించి ఉన్నది, దోమల గురించి ఉన్నది. కీటకాలు అని ఏందో ఉన్నది, ఈగలో ఏమో అనుకున్న. పురుగు గురించి ఏం లేదు."

నేను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఒక్క అచ్చుతప్పు లేదు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. లోపల ఆయన ఇంకా బతికే ఉన్నాడు, ఇప్పుడెందుకు అనుకున్నాను. వెళ్లేటప్పుడు నా ఫోన్ నంబరు ఇమ్మంది. తన ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. రాయడానికి ఇంకో కాగితం లేక ఆ పసుపు కాగితమే చాపింది. కీటకాల వాక్యం పక్కనున్న ఖాళీలో నా నంబరు రాసిచ్చాను.

మర్నాడు పొద్దున మళ్లీ ఇడ్లీ పట్టుకెళ్లాను. ఆ మర్నాడు కూడా వెళ్లాను. అప్పటికి ఆ దుప్పటి పరిచిన చోట వేరే వాళ్లు కూర్చుని ఉన్నారు. పక్కనున్న టీ బండి అతను చెప్పాడు, "ఆయన పోయిండు మేడమ్, పొద్దుగాలే తోలుకపోయిండ్రు." ఫ్లాస్కు అలాగే పట్టుకుని అమీర్‌పేట దాకా నడిచాను. దారంతా కనబడిన ప్రతి బోర్డూ చదివాను. వద్దన్నా కళ్లు చదువుతూనే ఉన్నాయి. తప్పులున్న బోర్డులు చాలానే ఉన్నాయి. వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆపరేటర్‌కి చెప్పాను. అతను చేస్తున్న పని ఆపి కుర్చీ తిప్పాడు. "మా నాయనమ్మ సుత అట్లనే అనేటిది మేడమ్" అన్నాడు. "నాకు యాదికి రాలే." సాయంత్రం తొందరగా ఇంటికెళ్లిపోయాడు. ఆ తర్వాత మా మధ్య హాస్యాలు తగ్గాయి. మా షాపుకి పంటమందుల కంపెనీ కాగితాలొస్తాయి, పురుగు అన్న మాట పదిసార్లుంటుంది ఒక్కోదాంట్లో. అవి వచ్చినప్పుడు అతనే చదివి అతనే సరిచూసుకుంటాడు. నాకివ్వడు.

క్యాలెండరు పేజీ మాత్రం నా సొరుగులోనే ఉంచాను. చింపలేను, చూడలేను. సొరుగు తెరిచినప్పుడల్లా కాగితాల మధ్య నీలం సిరా కనపడేది. తలుపు దగ్గర ఎవరి చీర కుచ్చిళ్లు కనబడినా ఆమే వచ్చిందనుకుని సొరుగు మూసేసేదాన్ని. నిజంగా వచ్చేసరికి ఏడాది తిరిగింది.

మళ్లీ ఆషాఢం. అదే సిస్టరమ్మ. చేతిలో గారెల డబ్బా లేదు. మనిషి సగమైపోయింది. వానాకాలం కాగితం మళ్లీ వేయాలంది. "పోయినేటిదే ఏసేయండ్రి మేడమ్. కొత్తగ రాసే ఓపిక లేదు. అయినా ఎవ్వరు రారు."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకుని, తాగకుండా, అన్నది.

"ఆయన సంగతి యాదికున్నదా మేడమ్? ఆ దినం నేను వరండాలనే నిలబడ్డ. ఆటో నా కండ్ల ముందటి నుంచే పోయింది. లోపల ఫ్రిజ్‌ల సూదులు ఉన్నయి. ఎవరిదో గణపతి బండి అనుకున్న. తర్వాత తెలిసింది. కాగితం రాసిచ్చిన, ఇంటింటికి పంచిన, అయినా ఆగలేదంటే నా మీద నమ్మకం లేనట్టే కదా. ఇరవయ్యేండ్లు చేసిన ఆ ఊర్ల. ఇగ చాలు. బదిలీకి రాసిచ్చిన. ఇప్పటికి ఆటో సప్పుడు ఇనపడితే చేతిల పని ఇడిసి వరండాలకు ఉరుకుత మేడమ్. చిన్నపిల్లలకు సూది ఎయ్యలేకపోతున్న."

ఏడాదిగా నాకొక్కదానికే అనుకున్నాను ఈ పీడ. నాకు రావలసింది ఆమెకి కూడా చేరింది. అదీ నాకంటే పెద్ద వాటా. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె ఆ ఊరొదిలి వెళ్లిపోతుంది, జనం తనని నమ్మలేదనే అనుకుంటూ బతుకుతుంది. సొరుగు లాగాను. క్యాలెండరు పేజీ, షాపులో మిగిలిన పసుపు కాగితం ఒకటి పక్కపక్కన బల్ల మీద పెట్టాను.

"మీరు రాసిచ్చింది ఇది. నేను అచ్చేసింది ఇది. మీ మాట నేను తీసేశాను సిస్టర్ గారూ. ఆయన భార్య కాగితం చదివింది. చదివే ఆగలేదు."

ఆమె రెండూ చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది. ఆపరేటర్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. కింద ఎవరో జిరాక్సు కోసం అరుస్తున్నారు.

"మీరు పంపినంక నేను సుత చదివిన కదా" అంది మెల్లగా. "కీటకాలు అంటే చదువుకున్నోళ్లు గట్ల రాస్తరు కావచ్చు అనుకున్న. మీకు తెల్వదా అనుకున్న." ఇంకాసేపటికి తలెత్తింది. అప్పుడు మాత్రం ఆమె కళ్లలో కోపం కనిపించింది, అది చూసి నాకు కొంచెం ఊపిరాడింది. "కింద నంబర్ రాసిన కదా మేడమ్. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె కదా!"

నీలం సిరాతో రాసిన ఆ నంబరు మీద వేలు పెట్టి చూపించింది. 

ఆమె కళ్లు తుడుచుకుని లేచి ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుంది. "నేను చెప్త, నువ్వు కొట్టు అన్నా" అంది. నన్ను పిలవలేదు. నేను వెనక నిలబడి చూశాను. "వానకాలం పైలం" అని పెద్దక్షరాల్లో వచ్చింది. దాని కింద మొట్టమొదటి వాక్యం పురుగుదే. సుత, గడియ, తోలుకరాండ్రి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి. అలవాటుకొద్దీ నా చెయ్యి పెన్ను కోసం వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. కాగితాలు కట్ట కట్టి ఇస్తుంటే అంది, బదిలీ అర్జీ వాపసు తీసుకుంటానని. మెట్ల దగ్గర ఆగి ఇంకో మాట కూడా అంది.

"మొదటి కాగితం ఆమె ఇంటికే ఇస్త మేడమ్."

వద్దనాలనిపించింది. ఏ మొహంతో అనను?

నాలుగో రోజు మధ్యాహ్నం, అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. కింద కాగితాలు పంచేవాళ్లు మెట్లకి రెండు పక్కలా నిలబడి ఉన్నారు. ఒకతను అప్పటికే నా చేతిలో ఒకటి పెట్టేశాడు.

"అమ్మా, నేను. పంజాగుట్టల ఇడ్లీలు తెచ్చిస్తిరి చూడు, గా మనిషిని."

గొంతు గుర్తుపట్టాను. గోడకి ఆనుకున్నాను.

"సిస్టరమ్మ కొత్త కాగితం ఇచ్చి పోయిందమ్మా. పోయినేటిది నా తాన్నే ఉన్నది, మీ నంబరున్నదని దాసిన. రెండు పక్కపక్కన పెట్టుకోని చూస్తున్న. కొత్తదాంట్ల పురుగు అని ఉన్నది. మందు ఉన్నదని ఉన్నది. పాతదాంట్ల లేదు. సిస్టరమ్మను అడగబోతె అప్పటికే ఎల్లిపోయిందామె. మీరు పట్నంల ఉంటరు, చదువుకున్నోళ్లు, మీకు తెలుస్తదని చేసిన. పోయినేడు సూది లేకుండెనా అమ్మా?"

లేదమ్మా అంటే సరిపోయేది. ఆగినా లాభం లేకపోయేదని ఆమె మనసు కుదుటపడేది. ఆటో ఆపలేదన్న బాధ తీరిపోయేది. నేను కూడా ఇంటికి పోయి అన్నం తినేదాన్ని. ఒక్క అబద్ధం, అది మంచి అబద్ధమని కూడా అనిపించింది. కానీ ఆమె కూడబలుక్కుని చదివిన మనిషి. మళ్లీ ఆమెకి నా చేత్తో దిద్దిన మాట ఇవ్వడానికి నాకు నోరు రాలేదు.

"ఉందమ్మా" అన్నాను. "అప్పుడూ ఉంది. సిస్టరమ్మ రాసిచ్చింది. ఆ కాగితం దిద్దింది నేను. నేనే తీసేశాను."

 అటు దూరంగా ఎవరింట్లోనో కోడి కూస్తోంది.

"ఎందుకు తీసేసిండ్రమ్మా?"

"ఆ మాట బాగుండదనిపించింది."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఏడవనూ లేదు. కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. తర్వాత చదవడం మొదలుపెట్టింది, నాకు వినిపించడానికో, తనకి తను చెప్పుకోవడానికో తెలియదు. ఒక్కొక్క అక్షరం పట్టుకుని, గట్టిగా.

"పు... రు... గు... ము... డి... తే..."

జనం నన్ను రాసుకుంటూ మెట్లు దిగిపోతున్నారు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆమె చివరి అక్షరం దాకా చదివేవరకూ అక్కడే నిలబడి విన్నాను.